నేవా పేరు పెట్టిన తూటా

పదిహేడేళ్ళు అర్జీ పెట్టగా పెట్టగా, ఈ ఏడు లాటరీలో నేవాకి మగ ఎల్క్ దుప్పిని వేటాడే అనుమతి చీటీ వచ్చింది. ఆమె వేటాడాలనుకున్న లోయకి ఏడాదికి నాలుగే చీటీలు. ఇది వృథా అయితే మళ్ళీ వంతు వచ్చేసరికి ఆమెకి డెబ్బై దాటతాయి.

వాళ్ళ నాన్న ఇచ్చిన రైఫిలు ఉంది. దానికి తూటాలు పెట్రోలు బంకులో కూడా దొరుకుతాయి. కానీ మొగుడు డెల్బర్ట్‌కి అంగట్లో దొరికేదంటే లోకువ. ఏప్రిల్లో ఆమె చెల్లెలి ఇంటికెళ్ళి వచ్చేసరికి, మహానుభావుడు నాన్న రైఫిలు గొట్టం విప్పేసి కొత్తది బిగించేశాడు. తూటాల ఇత్తడి తొడుగుల మెడలు నొక్కి సన్నం చేసి, లోకంలో ఏ కంపెనీ చేయని తూటా తయారుచేశాడు. గుండు కొలత కలిపి దానికి '26 నేవా' అని పేరు పెట్టి, ఆ పేరు తొడుగులు నొక్కే ఉక్కు అచ్చు మీద చెక్కించాడు కూడా. అది చూసి ఆమె వచ్చిన కోపం మింగేసింది. చేసిన తప్పల్లా అదే.

ఇక ఎండాకాలమంతా గరాజ్‌లోనే అతని కాపురం. తుపాకీ మందు రవ్వ రవ్వ తూచడం, గుండుని వెంట్రుకవాసి ముందుకి జరపడం, కాగితం మీద కాల్చి చూడడం. గుండు మొన గొట్టంలోని గాడులకి బిగుసుకునేలా పెడితే గురికి తిరుగుండదని తేల్చాడు. నిజమే, కాగితం మీద ఐదు గుండ్ల చిల్లులూ ఒక్క చిల్లర బిళ్ళ కింద దాక్కునేవి. ఆ కాగితాలన్నీ ఫ్రిజ్ తలుపుకి అతికించాడు. మనవల ఫొటోలు ఎటుపోయాయో దేవుడికే తెలియాలి. కాల్చకుండా తూటా బయటికి తీయాల్సొస్తే గుండు లోపలే ఇరుక్కుపోదా అని జూలైలోనే అడిగిందామె. తూటా పెట్టేది కాల్చడానికే కదా అని నవ్వేశాడు.

అక్టోబరు వచ్చింది. చీటీ గడువు ఆఖరి రోజు ఉదయం పైన్ చెట్ల మధ్య దుప్పి కొమ్ములు కనపడితే నేవా తూటా ఎక్కించింది. దుప్పి కాల్పుకి అందకుండా ముళ్ళకంచె అవతలికి దాటింది. కంచె దాటేముందు తుపాకీ ఖాళీ చేయడం నాన్న నేర్పిన అలవాటు, నిద్రలో కూడా తప్పదు. తూటా బయటికి రావడానికి బోల్టు వెనక్కి లాగింది. ఇత్తడి తొడుగు ఒక్కటే ఊడొచ్చింది. మందు రవ్వలన్నీ లోపల ఒలికిపోయాయి. గుండు గొట్టంలోనే ఉండిపోయింది.

ఇరుక్కున్న గుండుని తోసెయ్యడానికి గొట్టంలో దూర్చే కడ్డీ ఏదని పక్కనున్న డెల్బర్ట్‌ని అడిగింది. నలభై మైళ్ళ అవతల, గరాజ్‌లో, బల్ల మీద ఉందట.

అప్పుడు వచ్చింది దుప్పి, తీరిగ్గా, ఎండలోకి. ఎనభై గజాల్లో నిలబడి పది నిమిషాలు గడ్డి మేసింది. నేవాకి ఏడుపొచ్చింది.

"కాగితం మీద ఎంత బాగా కొట్టింది," అని గొణిగాడు డెల్బర్ట్.

దుప్పి కొండ దిగి వెళ్ళిపోయేదాకా ఆమె చూసింది. ట్రక్కు ఎక్కాక అడిగింది.

"నాన్న గొట్టం ఎక్కడ?"

"షెడ్డులో. గుడ్డ చుట్టి దాచాను."

"రేపే బిగించు. ఆ అచ్చు మీద నా పేరు అరగదీసెయ్."

అతని మొహం చిన్నబోయింది. "ప్రేమతో పెట్టాను, నేవా."

"తెలుసు. అందుకే ఏప్రిల్లో నోరు మూసుకున్నాను. ఇప్పుడు తీసెయ్."