ఖాళీగా వదిలిన గడి

జొన్న భాకరీ పెనం మీద పొంగుతుండగా ఫోన్ మోగింది. కరాడ్ కొట్లో ఎవరూ ఎత్తలేదన్నమాట. పిండి చేత్తోనే ఎత్తి, డ్రిప్ పైపు ధర అడిగిన రైతుకు చెప్పి పెట్టేసేసరికి భాకరీ ఒకవైపు మాడింది. "మంట చూసుకోవాలి సూన్‌బాయీ," అన్నారు అత్తగారు. సూన్‌బాయి అంటే కోడలు. మాడింది నా పళ్లెంలోకి తీసిపెట్టుకున్నాను. మా ఇంట్లో అది రివాజు.

సాంగ్లీ, మిరజ్, కరాడ్, విటాలలో మాకు నాలుగు పైపుల కొట్లు. మూడేళ్ల క్రితం అన్నిటి ఫోన్లనూ ఒకే వ్యవస్థలోకి మార్చాం. మార్చాం అంటే, నేను మార్చాను. అసలు యంత్రం ముంబైలో అద్దెకు తీసుకున్న సర్వర్. దాన్ని నేను కళ్లతో చూడలేదు. ఎవరి ఫోన్ ఎప్పుడు మోగాలో, ఎవరూ ఎత్తకపోతే కాల్ ఎటు పోవాలో వంటింటి బల్ల మీది లాప్‌టాప్‌లోంచే రాస్తాను. ఎవరూ ఎత్తనివన్నీ నాకే వస్తాయి. ప్రస్తుతానికి అలా ఉంచు, ఎలాగూ ఇంట్లోనే ఉంటావు కదా అన్నాడు మా ఆయన అజింక్య. ఆ ప్రస్తుతానికి మూడేళ్లు నిండాయి.

ఆరోజు పైపుల కంపెనీ మేనేజరు భోజనానికి వచ్చాడు. సర్వర్ పెట్టాక ఒక్క కాల్ కూడా తప్పిపోలేదని మామగారు గొప్పగా చెప్పారు. "మనిషితో పనే లేదండీ. అంతా అదే చూసుకుంటుంది," అన్నాడు అజింక్య. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు. ఇక్కడ సోకు ఒక ఇనపపెట్టెది. నాకు కోపం వచ్చింది. వడ్డిస్తున్న ఆమ్టీ, పుల్లటి పప్పు, మాత్రం ఒలకలేదు. అంతలో విటా కొట్టు కాల్ నాకు వచ్చింది. లోపలికెళ్లి మాట్లాడమని అజింక్య కళ్లతోనే చెప్పాడు.

అందరూ కునుకు తీస్తుంటే లాప్‌టాప్ తెరిచాను. ప్రతి నంబరు పక్కనా పనివేళలు రాసే గడి ఉంటుంది. కొట్లకు తొమ్మిది నుంచి ఏడు. గోడౌన్ కాపలా దగడూకి గురువారం సెలవు, అదీ నేనే రాశాను. నా నంబరు పక్కన ఏమీ లేదు. గడి ఖాళీగా ఉంటే ఆ మనిషి ఎప్పుడూ అందుబాటులో ఉన్నట్టే యంత్రం లెక్కేస్తుంది. దాని తప్పు కాదు, చెప్పనిదే దానికెలా తెలుస్తుంది? నాకూ పనివేళలు ఉండాలని ఇంట్లోవాళ్లకు రెండుసార్లు చెప్పాను. యంత్రానికే ఇంకా చెప్పలేదు.

పది నుంచి ఐదు అని రాశాను. ఒంటిగంట నుంచి రెండు భోజనం. ఆదివారం సెలవు. నేను లేనప్పుడు కాల్ ఎటు పోవాలన్న చోట అజింక్య నంబరు పెట్టాను.

మర్నాడు ఒంటిగంటకు అందరితోపాటు నేనూ పళ్లెం ముందు కూర్చున్నాను. అజింక్య ఫోన్ మోగింది. మళ్లీ మోగింది. మూడోసారికి ఆమ్టీ చెయ్యి గాల్లో పెట్టుకుని నావైపు తిరిగాడు.

"మృణాల్, సర్వర్ పాడైనట్టుంది. కరాడ్ కాల్స్ నాకొస్తున్నాయి."

మాడని భాకరీ ఒకటి తీసుకుని నెయ్యి రాసుకున్నాను.

"పాడవలేదు," అన్నాను. "భోంచేస్తోంది."