లారీ ఎక్కిన పిండి

బిస్కెట్ల కంపెనీవాళ్లు కంపెనీ పెట్టి ఇరవై అయిదేళ్లయిందని పండుగ చేసుకుని, రంగుల పుస్తకం ఒకటి అచ్చువేశారు. డబ్బా కొన్నవాళ్లకు ఊరికే ఇచ్చారు. కూడబలుక్కుని అంతా చదివాను. మొదట యజమాని ఫోటో, తర్వాత యజమాని తండ్రి ఫోటో, ఆ తర్వాత యజమాని కారు ఫోటో. నడుమ ఒక మాట: బిస్కెట్టంటే తెలియని పల్లెలకు తినడం నేర్పామని. ఆ పల్లెల్లో మా రామన్నపేట కూడా ఉంది. నేర్పారట! వాళ్లు వచ్చిన ఏడాది ఏం జరిగిందో అందులో ఒక్క ముక్క లేదు.

మా పక్కింట్లో లాడ్లీ బేగంకు బిస్కెట్లు కాల్చే ఇటుకల భట్టి ఉండేది. వాళ్ల అబ్బా, అంటే నాన్న, కట్టింది. భర్త అబ్దుల్ ఖాదర్ ఇల్లరికం వచ్చి ఆ పని నేర్చుకున్నాడు. ఎవరి పిండి, ఎవరి చక్కెర, ఎవరి నెయ్యి వాళ్లే తెచ్చుకోవాలి. ఖాదర్ కలిపి, బిస్కెట్లు కాల్చి, డబ్బాలో పోసి ఇచ్చేవాడు. పీర్ల పండుగకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు తిరిగి పోయేటప్పుడు ఆ డబ్బాయే చేతికిచ్చేవాళ్లం.

అరవై ఒకటిలో కంపెనీ మనిషిగా వెంకటరాజం దిగాడు. మగ్గం పక్కన పుట్టి పెరిగినవాడే, ఇప్పుడు బూట్లు విప్పకుండా ఇళ్లలోకి వస్తున్నాడు.

"ఖాదర్ భాయ్, ఇంకెన్నేండ్లు గీ బూడిదల పొర్లుతవు? ఏజెన్సీ తీస్కో. అద్దాల బీరువా, పంకా, నీ పేరు మీద బోర్డు. ఒక్కటే షరతు, భట్టి ఉండొద్దు."

"భట్టి మా అబ్బాది," అంది లాడ్లీ బేగం. "బోర్డు ఏం జేస్కుంటవ్? నాకుతవా?"

ఖాదర్‌కు బోర్డు మీద మనసు పడింది. భార్య చుట్టాల పెండ్లికి వెళ్లిన రోజు చూసి భట్టి పగలగొట్టించాడు. ఆ ఇటుకలతోనే ఇంటి ముందు పెట్టిన ఏజెన్సీ దుకాణానికి మెట్లు కట్టించాడు. ఆమె తిరిగొచ్చి, వాటి మీద కాలు పెట్టకుండా దొడ్డిదారిన ఇంట్లోకి పోయింది.

పండుగ ముందు మేమంతా గిన్నెలు పట్టుకుని దుకాణానికి వెళ్లాం.

"మా పిండి ఎవలు కాలుస్తరు ఖాదర్ భాయ్?" అని మా వాడలోని ఆండాళు అడిగింది.

ఖాదర్ బీరువా అద్దం తుడవసాగాడు. వెంకటరాజం నవ్వాడు. "పట్నంల కంపెనీ లేదా అక్కా? గా సరుకు తెచ్చిన లారీల పెట్టుండ్రి, కాల్చి పంపుతరు."

అది ఎగతాళి అని మాకు తెలియలేదు. మనమిచ్చిన పిండే కాలి మన ఇంటికి వస్తుందని తప్ప వేరే పద్ధతి ఎరుగం. గిన్నెలకు గుడ్డలు కట్టి, ఎవరి గుర్తు వాళ్లు పెట్టి లారీ ఎక్కించాం. ఎగతాళని తెలిసిన ఖాదర్ మమ్మల్ని ఆపలేదు.

ఆడబిడ్డలు బయలుదేరే రోజు లారీ వచ్చింది. గిన్నెలు లేవు. పిండి డ్రైవరు దారిలో రొట్టెలు చేసుకున్నాడట. నెయ్యి సంగతి వెంకటరాజం మీసాలను అడగాలి. కంపెనీ తరఫున మనిషికొక బిస్కెట్ల పొట్లం పంచాడు.

"మీ పిండి కంటె మంచిగుంటది అక్కా."

"నా బిడ్డ అత్తగారింట్ల ఏమని చెప్పాలె? నీ సేటు పెట్టిండనా?" ఆండాళు పొట్లం అక్కడే పడేసింది. బిడ్డలు ఉత్త చేతులతో బస్సెక్కారు.

ఆ మాట విని లాడ్లీ బేగం గడ్డపార తెచ్చింది. మెట్లు పెళ్లగించడం మొదలుపెట్టింది.

"పాగల్ అయినవా?" ఖాదర్ అరిచాడు. "మెట్లు లేకుంటె గిరాకి లోపలికెట్ల వస్తది?"

"ఎగిరి రమ్మను. పంకా ఉన్నది గద!"

మేమూ ఇటుకలు మోశాం. భట్టి మళ్లీ లేచింది. కంపెనీ ఏజెన్సీ తీసేసి, బీరువా, పంకా లారీలో వేసుకుంది. ఫ్యాక్టరీలో నౌకరీ ఇస్తామంటే ఖాదర్ కూడా ఆ లారీయే ఎక్కబోయాడు.

"పట్నంల కిరాయికి ఇల్లు చూస్త. వస్తవా?"

"ఇప్పుడే భట్టి అంటిచ్చిన."

"మరి నేను పోతున్న."

"ఆండాళు పిండి తెచ్చింది," అని ఆమె లోపలికి తిరిగింది.

అంత పనిమంతుడికి కంపెనీ ఇచ్చిన పనేమిటో తర్వాత తెలిసింది: డబ్బాల మీద కంపెనీ పేరు కాగితాలు అతికించడం. లాడ్లీ బేగం కంపెనీ డబ్బా ఒకటి తెప్పించింది. మూత తీయలేదు. కాగితం అంచులు వేలితో తడిమి చూసింది.

"వంకరగ అతికిచ్చిండు," అంది.