నడి పేజీలో కెజియా

నేను ఒక కుంచెను. ఉడుత తోక వెంట్రుకలు, రేకు మెడ, కర్ర ఒళ్లు. వెంట్రుకలిచ్చిన ఉడుతను ఎవరూ అడగలేదు, నన్నూ అడగలేదు. తెనాలిలో నన్ను కొన్న కోటిలింగం డ్రాయింగు మాస్టారు బళ్లో పిల్లలకు మామిడికాయ గీయడం నేర్పి, ఇంటికొచ్చి నాతో మీసాలకు నల్లరంగు వేసుకునేవాడు. కళాసేవ అంటే అదీ! ఆ మీసాల మీద ఆశ పూర్తిగా వదులుకున్నాక, నన్ను పాత శిష్యుడు ఇస్సాకు చేతిలో పెట్టాడు.

ఇస్సాకు గోడల మీద ప్రకటనలు రాసేవాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ పనిని ఊడ్చిపెట్టేశాయి.

"పిల్లల పుస్తకాలకు బొమ్మలెయ్యరా. పబ్లిషరుకి నేను చెప్తా. ఒకటి నచ్చిందా, ఇక ఆయనే పిలుస్తాడు," అన్నాడు మాస్టారు.

"నావల్ల అవుద్దంటారా సార్?"

"నా మీసాలు చూసి కూడా నన్నే అడుగుతున్నావంటే నీకు ధైర్యం ఎక్కువేరా!"

పబ్లిషరు పంపిన మొదటి కథ, మేకపిల్లను వెతుక్కునే ఒక పాపది. ఇస్సాకు ఆ పాపకు తన కూతురు కెజియా మొహం పెట్టాడు. ఆరేళ్ల పిల్ల, రెండేళ్ల కిందట మెదడువాపు జ్వరంతో పోయింది. ఇంట్లో ఆ పిల్లది ఒక్క ఫొటో అయినా లేదు. ఊడిన ముందుపన్నుతో సహా ఆ పిల్ల నా మొన కిందికే తిరిగొచ్చింది.

"జడ అంత తిన్నగా ఎప్పుడేసుకుందయ్యా అది?" అనేది వెనక నిలబడ్డ భార్య మార్తమ్మ. ఇద్దరూ నవ్వేవాళ్లు. ఆ ఇంట్లో నవ్వు వినపడేసరికి పక్కింటావిడ కంగారుగా తొంగిచూసింది.

అయితే ఇస్సాకు గోడల మనిషి. గోడమీద ముఖ్యమైనదెప్పుడూ నడిమధ్యనే ఉండాలి. రెండేసి పేజీల వెడల్పున్న పన్నెండు బొమ్మల్లోనూ కెజియా మొహాన్ని సరిగ్గా మధ్యలో పెట్టాడు. కాగితాలు బల్లమీద పరిచి చూసి పబ్లిషరు కూడా మురిసిపోయాడు. అంత చదువుకున్నాయన, పాపం!

పుస్తకం కుట్టి వచ్చింది. ఏ పేజీ తెరిచినా అటో చెవి, ఇటో చెవి. కళ్లూ ముక్కూ నవ్వూ రెండు పేజీల మధ్య కుట్టులోకి దిగిపోయాయి.

"పుస్తకానికి నడుముంటుందని తెలీదా నీకు?" ఫోనులో అరిచాడు పబ్లిషరు.

"గోడకి ఉండదు గదండీ."

"ఇంక నీకు పనివ్వలేనయ్యా."

"పోన్లెండి. నేనేసిన కాగితాలన్నా..."

"ప్రెస్సోళ్లు చిత్తుకింద పారేశారు."

మార్తమ్మ పుస్తకాన్ని నేలమీద తెరిచి రెండు అరచేతులతో అదిమింది. మోకాలితో అదిమింది. మొహం పైకి రాలేదు. ఇస్సాకు బ్లేడుతో కుట్టు తెంపి, రెండు సగాలూ దగ్గరికి జరిపాడు. కెజియా నవ్వు మీదుగా సూది రంధ్రాలు బారుగా దిగాయి. నన్ను చామనఛాయ రంగులో ముంచి ఒక్కో రంధ్రం పూడ్చబోయాడు. రంగు కారి పెదాల మీద పరుచుకుంది.

మార్తమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"చాల్లేవయ్యా. బిడ్డని పడుకోనియ్యి."

ఆయన నన్ను కడగకుండానే గూట్లో పెట్టేశాడు. పిల్ల ఒంటి రంగు నా వెంట్రుకల్లోనే ఎండి గట్టిపడింది.