పన్నెండో రకం

నీలి చేసిన తప్పు బద్ధకంతో చేసింది కాదు, అదీ ఆమె ఖర్మ. గార్ల దగ్గర జామాయిల్ మొక్కలపై పరిశోధన చేసే తోటలో ఆమె పనికి కుదిరిన ఏడు, వానాకాలంలో ఇరవై రోజులు చుక్క పడలేదు. పన్నెండో రకం మడిలో మూడో వంతు మొక్కలు మాడిపోయాయి. రైతుబిడ్డ కళ్లకు సాలులో ఖాళీ కనబడితే చేతులు ఊరుకుంటాయా? పత్తి చేలో గింజ మొలవని చోట మళ్లీ పెట్టి పోగుంటలు నింపినట్టే, మిగిలిపోయిన వేరే రకం మొక్కలు తెచ్చి నింపేసింది. ఆ పరిశోధన నడిపే రజిత మేడం చూసి మెచ్చుకుంటుందనుకుంది కూడా.

ఏ రకం ఎండకు తట్టుకుంటుందో తేల్చడానికే ఆ మడులు వేశారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చదువుకున్నవాళ్లకు అది చెప్పాల్సిన మాటగా తోచలేదు మరి.

మూడేళ్లయ్యాక మేడం నీలి వాళ్ల తండాకు వచ్చి మీటింగు పెట్టింది. పన్నెండో రకం కర్ర నుంచి కాగితం గుజ్జు సులువుగా వస్తుందట. మిగిలిన పిప్పి నుంచి ఇంధనం తీయవచ్చట. నీళ్లు లేని చెలకలోనూ ఒక్క మొక్క చావలేదట. మొదటి రెండూ నిజమే. మూడోది మాత్రం తను ఖాళీలు నింపబట్టే వచ్చిన లెక్క అని నీలికొక్కదానికే తెలుసు.

చెబితే పని పోతుంది, మేడం మూడేళ్ల కష్టం మట్టిపాలవుతుంది. చెప్పకపోతే తండావాళ్ల చెలకలు ఎండుతాయి. ఎటూ తేల్చుకోలేక రోజులు నెట్టుకొచ్చింది.

తండాలో ఆ మొక్కలు నాటే రోజు పొద్దున్నే అన్న బాల్‌సింగ్ దగ్గర ఏడ్చేసింది.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత, అవి పెట్టకు. మూడిట్ల ఒకటి ఎండిపోయింది. నేనే వేరేయి తెచ్చి పెట్టిన."

బాల్‌సింగ్ మొక్కల తట్ట కింద పెట్టాడు. "గీ మాట ఇంకెవలకు తెల్సు?"

"ఎవ్వలకు తెల్వది."

"నా చెల్లె పెంచిన మొక్కలని తండంత తిరిగి నేనే జెప్పిన. ఇరువై ఇండ్లోల్లు పత్తి ఇడిసిపెట్టిన్రు. ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని వద్దంట? నోరు మూసుకో."

ఇన్నాళ్లూ ఇరుక్కున్నది తనొక్కతే. ఇప్పుడు అన్ననూ లోపలికి లాగింది.

అంతలో పక్క చెలక ప్రేమ్‌సింగ్ నలుగురిని వెంటేసుకొని వచ్చాడు.

"బిడ్డా, నీ చెయ్యి మంచిది. మొదటి మొక్క నువ్వే పెట్టు. మా చెల్కలల్ల గూడ నువ్వే పెట్టాలె."

నీలి అన్న వైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు. ఆమె గుంతలో మొక్క దించి, మట్టి కప్పి, చుట్టూ కాలితో అదిమింది. వెంటనే ప్రేమ్‌సింగ్ పిలిచాడు, అతని తర్వాత ఇంకొకరు.

పొద్దుగూకేలోగా ఇరవై ఇళ్ల చెలకల్లోనూ మొదటి మొక్క నీలే నాటింది.