కిటికీ కింద విన్న నవల

మధ్యాహ్నం మిషన్లు ఆగాక ఆ కుట్టుగది నీళ్ల అడుగున ఉన్నట్టుంటుంది. పొడవాటి కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా దిగుతుంది. ఆ ఎండలో బట్టల నూగు తొందర లేకుండా తేలుతుంది. కొక్కేలకు వేలాడే కోట్లు, లోపల మనుషులు లేకపోయినా, ఇస్త్రీ ఆవిరి తగిలినప్పుడల్లా భుజాలు కదిలిస్తాయి. మోత లేని ఆ కాసేపూ అందరూ చేతిపని చేసుకుంటారు. కాజాలు, గుండీలు, అంచులు. నేను నవల చదువుతాను.

ఇది నా భార్య మొదలుపెట్టింది. ఆమె ఇక్కడ అంచులు కుట్టేది. ఇంట్లో చదివిన నవలల్ని ఇక్కడ కుడుతూ చెప్పేది. ఆమె పోయిన కొన్నాళ్లకు కటింగ్ మేస్త్రి మా ఇంటికొచ్చి, "వదిన కథ సగంలో ఆపేసింది మాస్టారూ. మిగతాది మీరైనా వచ్చి చెప్పండి," అన్నాడు. నిజానికి నేను మాస్టారుని కాను. కాలేజీ చదువు చదివి, ఉద్యోగమంతా నీటిసరఫరా ఆఫీసులో గొట్టాల పటాలు గీశాను. పుస్తకం చేత్తో పట్టుకున్న పాపానికి మాస్టారునయ్యాను. ఆ పిలుపు కోసమే ఆ రోజుల్లో మంచం దిగేవాణ్ణి.

ఆమె సగంలో ఆపిన నవల తలగడ పక్కనే దొరికింది. గుర్తుగా నీలం దారం ముక్క పెట్టుకుంది. నేను మళ్లీ మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాను.

ఆ గదిలో చదివేవాడికి ఒక్కటే కట్టుబాటు. కుట్టేవాళ్లు సూది గుచ్చుకోకుండా వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుంటారు. ఎవరైనా ఆ తొడుగు తీసి బల్లమీద పెట్టారంటే చదవడం ఆపాలి. వాళ్లు చెప్పదలుచుకున్నది చెప్పి, తొడుగు మళ్లీ వేలికి ఎక్కించుకున్నాకే ముందుకు పోవాలి.

నవలలో నాయకుడు పడవవాడు. మంచాన పడిన తండ్రినీ అక్కనీ అవతలి ఒడ్డున వదిలి, ఇప్పుడే వస్తానని ప్రవాహం వెంట వెళ్లిపోతాడు. నా భార్య పెట్టిన నీలం దారం సరిగ్గా అక్కడే ఉంది. ఆ పేజీ చదివిన రోజు కాజాలక్క చెయ్యి ఆగిపోయింది. తొడుగు మాత్రం తియ్యలేదు.

కాజాలక్క మా గదిలో పెద్దది. కోటుకు కాజాలు తెరవాలంటే ఆమే తెరవాలి. మాట కరుకు, కుట్టు మెత్తన. ఆమె తమ్ముడు కూడా ఒకప్పుడు ఇదే గదిలో ఆమె పక్కనే కూర్చుని పనిచేసేవాడట. వాళ్లమ్మ ఆఖరి రోజుల్లో మందు తెస్తానని సంచీ పట్టుకుని బయటికెళ్లినవాడు తిరిగి రాలేదు. అమ్మ తలుపు వైపే చూస్తూ పోయింది. ఇన్నేళ్లకు ఈమధ్యే ఊళ్లోకి వచ్చాడు. రోజూ మధ్యాహ్నం మా కిటికీ కింద, వీధిలో, గోడనానుకుని నిలబడతాడు. పైకి రాడు, పిలవడు. ఈవిడేమో వెనకవైపు మెట్లదారిన ఇంటికి పోతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తరు.

ఆ రోజు వరద అధ్యాయం చదివాను. ఏళ్ల తర్వాత పడవవాడు తిరిగొస్తాడు. ఊరంతా ఛీ కొడుతుంది. అక్క తలుపు తియ్యదు. ఇంతలో ఏరు పొంగుతుంది. వాడు దూకి పసిపిల్లను ఒడ్డుకు చేరుస్తాడు. జనం వాణ్ణి భుజాలమీద ఎత్తుకుంటారు.

ఇస్త్రీ బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. "మనిషి మారాడు. ఇంతకంటే ఏం కావాలి?"

మేస్త్రి తొడుగు తీసి బల్లమీద పెట్టాడు. "నాకు నమ్మకం కుదర్లేదు బాబాయ్. ఆ రచయిత వీణ్ణి మంచివాణ్ణి చెయ్యడానికి ఊరు ఊరంతా ముంచేశాడు. ఎంతమందివి గొడ్డూ గోదా పోయి ఉంటాయి!"

"నీకు కథలో కూడా కొలతలే. ఒకడు ఏడుస్తుంటే టేపు తీస్తావు."

"నువ్వు మరీను బాబాయ్. నీకు ఆవిరి తగిలినా ఏడుపే."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే టక్కున చప్పుడైంది. కాజాలక్క తొడుగు బల్లమీద ఉంది.

"మాస్టారూ, రేపు చదివేది ఆఖరి అధ్యాయమా?"

"అవునమ్మా."

"అక్క తలుపు తీస్తుంది కదూ?"

అబద్ధం చెప్పలేకపోయాను. "తీస్తుంది."

"తీస్తుంది లెండి. ఊరంతా భుజాలమీద ఎత్తుకుని తెచ్చాక తియ్యక చస్తుందా! ఆవిణ్ణి ఎవరైనా అడిగారా? తండ్రికి ఒంటి చేత్తో చాకిరీ చేసిన రోజులు ఆ పసిపిల్ల ఒడ్డుకు చేరితే తిరిగొస్తాయా?" గొంతు తగ్గించింది. "అసలు వరద రాని ఊళ్లో వాళ్ల సంగతేంటి? వాళ్లు ఎందులో దూకాలి?"

వీధిలో ఎవరో సైకిల్ నడిపించుకుంటూ పోయిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. నా భార్య ఉంటే ఏమనేదో అనుకున్నాను. ఆ గుర్తు దగ్గర ఆమె కోపంతో ఆపిందో, నిద్ర ముంచుకొచ్చి ఆపిందో నాకెప్పటికీ తెలియదు.

కాజాలక్క తొడుగు ఎక్కించుకుని ఒళ్లోని కోటు సర్దుకుంది. మరుక్షణం కోటునలాగే పట్టుకుని కదలకుండా ఉండిపోయింది.

"మేస్త్రీ, ఇలా రా."

రేపు పొద్దున కొలువు చాలించుకుంటున్న ఒక బస్సు డ్రైవరు కోసం, తోటివాళ్లంతా కలిసి కుట్టిస్తున్న కోటు అది. ఎడమవైపు కాజాలు నిన్ననే పూర్తయ్యాయి. ఇవాళ పడవవాడి వెంట పోయిన ధ్యాసలో, గుండీలు ఉండాల్సిన కుడివైపు కూడా ఆమె కాజాలు కోసేసింది. రెండు వైపులా నోళ్లు తెరుచుకున్న కోటు. అలాంటిది ఆ గదిలో ఎవరూ చూసి ఎరగరు. ఆమె చేతిలో అసలే ఎరగరు.

"గుడ్డ మిగల్లేదక్కా," అన్నాడు మేస్త్రి మెల్లగా. "ఆ రంగు బజార్లో కూడా లేదు. లోపలి అంచులోంచి పోగులు లాగి రఫూ చెయ్యాల్సిందే. కానీ ఇంత సన్నటి నేతకి..."

సన్నటి నేతకు, గాటు ఎక్కడుందో తెలియకుండా పోగుపోగూ అల్లి మూసే చెయ్యి ఆ గదిలో ఒక్కటే ఉండేది. ఆ చేతికి ఆ పని నేర్పింది కాజాలక్కే; ఇప్పుడామె కళ్లకు అంత సన్నపోగు ఆనదు. ఇస్త్రీ బాబాయి కిటికీ వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. పాపం, తప్పు చేసినవాడిలా ఇస్త్రీపెట్టె సర్దుకున్నాడు.

కాజాలక్క చాలాసేపు ఆ కోటు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఎండ ఆమె నెరిసిన జుట్టుమీద పడి, ఒక్క క్షణం మనిషి కనిపించకుండా వెలుగే కనిపించింది.

"ఒరేయ్."

కింద ఏదీ కదిలినట్టు వినిపించలేదు.

"నిన్నే. నువ్వు దూకాల్సిన ఏరేం లేదిక్కడ. పనుంది. పైకి రా."

అతను మెట్లెక్కి వచ్చేసరికి గదిలో అందరూ తమ తమ పనుల్లో తలమునకలైనట్టు వంగిపోయారు. ఆ మర్యాద ఎవరో నేర్పితే వచ్చింది కాదు. అతను చెప్పులు గుమ్మం బయటే విడిచి, గుమ్మంలోనే ఆగాడు. అక్క కంటే ముసలివాడిలా ఉన్నాడు.

"అక్కా, అమ్మ..." అన్నాడు.

"ఆ మాట ఇప్పుడెత్తకు. నేను వినలేను." కోటు అతని చేతుల్లో పెట్టింది. "ఇది చూడు. నా చేతులతో నేనే పాడు చేశాను. పూడుతుందా?"

అతను కోటును కిటికీ వైపు తిప్పి, గాట్లమీద బొటనవేలితో నిమిరాడు. "పూడుతుంది. వెలుతురు ఉండగా మొదలుపెట్టాలి."

"అయితే కూర్చో."

పాత చోటు ఖాళీగానే ఉంది. ఆమె పక్కన ఇన్నేళ్లుగా ఎవరినీ కూర్చోనివ్వలేదని నాకప్పుడే తట్టింది. అతను లోపలి అంచు విప్పి, పోగులు ఒక్కొక్కటే లాగి, పని మొదలుపెట్టాడు. మొదటి రెండు పోగులూ తెగాయి. కాసేపటికి వేళ్లకు దారి గుర్తొచ్చింది.

ఇస్త్రీ బాబాయి ఉండబట్టలేక అన్నాడు, "ఏవోయ్, మేం చదివించుకునే నవల ఒకటుంది. అందులో ఒక పడవవాడు..."

"విన్నాను బాబాయ్. మీరు ఆవిరి పోవడానికి కిటికీలు తెరుస్తారుగా."

మేస్త్రి ఆసక్తిగా ముందుకు వంగాడు. "అయితే చెప్పు. ఇవాళ్టి వరద ఎలా ఉంది?"

అతను తల ఎత్తలేదు. "వరద బాగానే రాశారు. మర్నాడు పొద్దున వాడు జనాన్ని దాటించడానికి పడవ తీశాడా లేదా, అది వినాలని ఉంది."

కాజాలక్క కుడుతున్న చెయ్యి కొంచెం నెమ్మదించింది. తర్వాత నా వైపు చూసి, "రేపటిది ఇవాళే చదివెయ్యండి మాస్టారూ. ఎలాగూ వీడి పని తెమిలేదాకా కూర్చోవాలి," అంది.

ఆఖరి అధ్యాయం తెరిచాను. నీలం దారాన్ని వేలికి చుట్టుకుని చదువుతున్నాను. అక్క తలుపు దగ్గరికి వస్తుంది, గడియమీద చెయ్యి వేస్తుంది. అప్పుడు చూశాను. తమ్ముడి వేలి చివర చిన్న నెత్తుటి చుక్క. పాపం, తొడుగు లేకుండా కుడుతున్నాడు. కోటుకు అంటకుండా ఆ వేలిని చటుక్కున నోట్లో పెట్టుకున్నాడు.

కాజాలక్క కూడా చూసింది. తన వేలి తొడుగు తీసి బల్లమీద పెట్టింది.

కట్టుబాటు ప్రకారం నేను ఆగిపోయాను. చేతులన్నీ ఆగాయి. ఆమె ఏం చెబుతుందోనని గదంతా ఎదురుచూసింది.

ఆమె ఆ తొడుగును వేలికొసతో, బల్లమీదుగా, అతని వైపు నెట్టింది.

"చదవండి మాస్టారూ," అంది. "ఆపమని కాదు అది."