మందు రాసిన వేళ్లు

బడిలో పిల్లోళ్లు తిని లేచిపోయినాక హనుమక్క పని మొదలవుతుంది. అన్నం వండిన రెండు డేగిశాలు, పప్పు గిన్నె, గరిటెలు, బక్కెట్లు. పీచుకు సబ్బుపొడి అద్దుకుని ఒంటిగంట నుంచి మూడు దాకా తోముతుంది. ఆ పొడి ఎంత ఘాటుదంటే మాడు పట్టిన అడుగును కూడా తెల్లగా చేసేస్తుంది, మనిషి చర్మం దానికొక లెక్కా? ఇరవై ఏళ్లుగా ఆమె వేళ్లు పగిలే ఉన్నాయి. సంగటిలో ఊరగాయ నంజుకుంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఆ పగుళ్లకూ ఒక పని ఉంది. గార్లదిన్నె చుట్టుపక్కల ఎవరు బోరు వేయాలన్నా ముందు హనుమక్కను పిలుచుకుపోతారు. చేతులు కిందికి వేలాడేసి ఆమె చేనంతా నడుస్తుంది. అడుగున నీళ్లు లేని చోట పగుళ్లు విచ్చుకుని నెత్తురు కారుతుంది. నీళ్లున్న చోట పగుళ్లన్నీ మూసుకుని, పసిబిడ్డ వేళ్ల మాదిరి నున్నగా అయిపోతాయి. అక్కడ రాయి పెట్టి టెంకాయ కొడతారు, ఆమెకు రవికెగుడ్డ పెట్టి పంపిస్తారు. నెత్తురు కారిన చోట మొండిగా బోరు వేసి ఎవడన్నా దుమ్ము తిన్నాడంటే, జనం వాణ్ణే తిట్టినారు గానీ ఆమెను ఒక్క మాట అనలేదు.

సొంత తోటలోనూ ఆమే చూపించింది. పదేళ్ల కిందట ఆమె రాయి పెట్టిన చోట పడిన బోరుతోనే మొగుడు నల్లప్ప రెండు వందల చీనీ, అంటే బత్తాయి, చెట్లు పెంచినాడు. ఈ ఏడు ఆ బోరు ఎండిపోయింది. శివరాత్రి రాకముందే ఆకులు ముడుచుకున్నాయి. నల్లప్ప ట్యాంకర్ల వెంట తిరుగుతా, తోటలోనే పడుకుంటా, ఇంటికి రావడమే మానుకున్నాడు. కొత్త బోరు పడకపోతే చెట్లు నరికేయడం తప్ప దారి లేదు.

అట్లాంటప్పుడు కూతురు గౌతమి సెలవులకు వచ్చింది. అనంతపురంలో నర్సింగు చదువుతాంది. తల్లి చేతులు పట్టుకు చూసి మండిపడింది.

"ఇవి వేళ్లేనా మ్మా? సబ్బుపొడి ఒకటి, పొద్దస్తమానం నీళ్లలో నానేది ఒకటి, ఈ పొడిగాలి ఒకటి. షుగరున్నా పగుల్తాయి. ఎప్పుడన్నా చూపించుకున్నావా?"

"నీళ్లు లేని భూమి ఒకటి. అది మీ పుస్తకంలో లేదా?"

"ఉంటాదిలే. దానికీ ఇదే మందు," అని గౌతమి ట్యూబు మూత తీసింది.

పొద్దునా సాయంత్రమూ తనే మందు రాసి, పైన వ్యాజిలిన్ పూసి, గుడ్డ తొడుగులు తొడిగింది. నాలుగు రోజులు బడికి పోయి గిన్నెలు కూడా తనే తోమింది. ఐదో రోజు పొద్దున హనుమక్క ఊరగాయతో సంగటి తింటే చేతులు మండలేదు. ఎంత సుఖంగా ఉందో! వేళ్లను చెంపలకు రాసుకుని చూసుకుంది. ఆ సంగతి బయటికి చెప్పలేదు, చెబితే కూతురు ఏడుస్తుందని.

చెయ్యి కడుక్కునే లోపల నల్లప్ప పరిగెత్తుకుంటా వచ్చినాడు.

"బయ్యన్న చేన్లో బోరుబండి పని అయిపోయింది. ఇప్పుడే మనకాడికి వస్తామంటాండారు. ఈ పొద్దు వదిలితే మళ్లా నెలకు గానీ దొరకరు. రా మే, తోటంతా నడిచి చెప్పు."

తోటకు పోయే దోవలో ఒక పెద్ద బండ ఉంది, దాని అడుగున చుక్క నీళ్లు లేవు. ఎన్నిసార్లు దాటినా దాని మీద హనుమక్క నెత్తురు చుక్క పడాల్సిందే. ఈ రోజు పడలేదు. ఆమె వేళ్లను తిప్పి తిప్పి చూసుకుంది. తోటలో ఏ సాలులో నడిచినా ఒక్క వేలూ విచ్చుకోలేదు. ఇది నీళ్ల మహిమ కాదు, మందు మహిమ అని తెలిసిపోయింది. చెప్పేద్దామని తలెత్తింది. నల్లప్ప ఆమె వేళ్లనే చూస్తా నవ్వుతున్నాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో.

"ఈడేనా?"

"ఈడే," అనేసింది. ఏమో, నిజంగానే ఉన్నాయేమోనని కూడా అనుకుంది పిచ్చిది.

వంద అడుగులకు దుమ్ము. ఐదు వందలకూ దుమ్మే. ఎనిమిది వందలకు తెల్లటి రాతిపిండి లేచి చీనీచెట్ల మీదా, నల్లప్ప జుట్టు మీదా పడింది. సాయంత్రం వెయ్యి దాటినాక బండివాళ్లు ఇంజను ఆపేసినారు. చూడ్డానికొచ్చిన జనం దుమ్ము దులుపుకుంటా లేచినారు.

"నీ వేళ్లు ఎన్నడూ తప్పు చెప్పలేదు కదే," అన్నాడు నల్లప్ప. గొంతులో కోపం లేదు. కోపమన్నా ఉంటే బాగుండేది.

వెంట వచ్చిన గౌతమి, తల్లి నున్నటి వేళ్లను చూసింది. "నాయనా, అది అమ్మ తప్పు కాదు. నేనే..."

"నాకు వయసైపోయింది," అని హనుమక్క గట్టిగా అడ్డం పడింది. "నా వేళ్లకు ఇంక ఏమీ తెలీడం లేదు. అందరూ వినండప్పా, ఇంక నన్ను ఏ చేనికీ పిలవద్దండి."

వచ్చే వారం ఆమెను తన చేనికి పిలుచుకుపోవాలనుకున్న తిమ్మన్న తల వంచుకుని వెళ్లిపోయినాడు. ఆ తర్వాత ఆమెను పిలిచినవాళ్లు లేరు.

నల్లప్ప కొట్టంలోకి పోయి గొడ్డలి తెచ్చినాడు. మొదటి సాలులోంచే మొదలుపెట్టినాడు.

"ఎందుకు మ్మా అట్ల చెప్పినావు?" గౌతమి, తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"నన్ను తిట్టుకుంటానే నాతో బతుకుతాడు. ఇన్నేళ్లూ బతకలేదా? నిన్ను చూసినప్పుడల్లా ఆయనకు ఈ చెట్లు గుర్తుకు రాకూడదు," అంది హనుమక్క. "పొద్దున్నే బస్సుకు పో. సెలవులుండాయని ఉండొద్దు."

చెయ్యి విడిపించుకుని, నరికిన కొమ్మలు ఈడ్చడానికి మొగుడి దగ్గరికి పోయింది.