రెండో స్విచ్ నొక్కితే ఆరిపోయిన దీపం

ఎర్ర దీపం ఆరిపోయిందేమిటి, ఇప్పటిదాకా బాగానే వెలిగింది కదా, మొదటి స్విచ్ ఒక్కటే నొక్కితే వెలిగింది, అది వదిలి రెండోది నొక్కినా వెలిగింది, రెండూ కలిపి నొక్కేసరికి చచ్చింది, అంటే తీగ ఎక్కడో ఊడినట్టే అనుకుంటూ ప్రమీల కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని డైనింగ్ టేబుల్ మీదకి వంగింది, పుస్తకంలో బొమ్మ చూసి చిల్లుల పలక మీద గుచ్చిన రెండు నల్లటి చిప్‌లనీ వేలితో ఒత్తి చూసింది, తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చింది, మళ్లీ అంతే, రెండూ నొక్కితే ఆరిపోతోంది, ఈ చిప్‌లు చెన్నై నుంచి ఓడలో రావడానికే పద్దెనిమిది రోజులు పట్టింది, కాలిపోయుంటే ఇంకెప్పటికి వస్తాయి, రేపు సోమవారం, పదకొండో తరగతికి చూపించాలి, కంప్యూటర్ కూడిక ఎలా చేస్తుందో మీ చేత్తో చేసి చూపించండి అని ఈ ఏడు పైనుంచి ఆర్డరు, ఇరవై రెండేళ్లుగా ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కి మెదడు, రాసుకోండి అంటే సరిపోయేది, పిల్లలు రాసుకునేవాళ్లు, ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు, ఈ దీవిలో, తమ షాదీపూర్ పేట మీద పొద్దుటినుంచీ ఒకటే వాన, రేకుల మీద ఆ చప్పుడుకి బుర్ర కూడా పనిచెయ్యడం లేదు, హార్బరు ఆఫీసుకి ఆదివారం సెలవు గనక ఇంట్లోనే ఉన్న భర్త దుర్గారావు టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడ్డాడు, గంటనుంచీ చూస్తున్నా, ఛోడో ప్రమీలా, తర్వాత చూసుకో అన్నాడు, ఎలా వదలను, ఒకటీ ఒకటీ కలపమంటే సున్నా అంటోంది ఇది అంది విసుగ్గా, ఆయన వంగి చూసి, మరి ఆ పక్కన పచ్చది వెలుగుతోందిగా అన్నాడు.

పచ్చది వెలుగుతోంది. ఎప్పటినుంచి వెలుగుతోంది, మొదటిసారి నుంచే వెలిగిందా, పచ్చది వెలిగితే ఒకటి, పక్కన ఎర్రది ఆరితే సున్నా, ఒకటి పక్కన సున్నా అంటే కంప్యూటర్ లెక్కలో రెండు, ఒకటీ ఒకటీ రెండు, సరిగ్గానే చెప్పింది, గంటనుంచీ సరిగ్గానే చెబుతోంది, ప్రతి ఏడూ తను బోర్డు మీద రాసేది ఇదే కదా, అదే జవాబు కళ్లెదుట దీపమై వెలిగితే తప్పనుకుని తీగలు పీకింది, మళ్లీ రెండూ నొక్కింది, ఆ చిప్‌లకి ఒకటీ తెలీదు రెండూ తెలీదు, మెదడూ లేదు మట్టీ లేదు, ఇది నొక్కితే వెలుగు, ఇదీ నొక్కితే ఆరిపో, అంతే, ఈ మాట ఎక్కడో విన్నాను, వినడం కాదు, చదివాను, చదివి కొట్టేశాను, ఎర్ర సిరాతో, ఈ మూల నుంచి ఆ మూలకి.

రాజకుమారి, బతు బస్తీ పిల్ల, తొమ్మిదేళ్ల కిందట, మూడో బెంచీ, పరీక్షలో ప్రాసెసర్ ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకి సగం హిందీ సగం ఇంగ్లిషులో రాసింది, మా మెట్ల లైటుకి కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్, ఒకటి నొక్కితే వెలుగుతుంది, రెండోదీ నొక్కితే ఆరిపోతుంది, కంప్యూటర్ కూడిక కూడా అలాంటిదే, దానికి అంకెలు తెలీవు అని, సున్నా వేసింది తను, వేసి ఊరుకుందా, క్లాసులో పైకి చదివి, యే ప్రాసెసర్ హై యా సీఢీ, ఇది ప్రాసెసరా మెట్లా అంది, నలభై మంది నవ్వారు, ఆ పిల్ల తల దించుకోలేదు, అది ఇప్పుడు గుర్తొస్తోంది, తననే చూస్తూ కూచుంది, మరుసటి వారం ఆర్ట్స్‌కి మారిపోయింది, ఓడల్లో కరెంటు పనిచేసే తండ్రి యర్రయ్య గుమ్మం దగ్గర నిలబడి, మా పిల్లకి రాదా మేడమ్ అనడిగితే, బుర్రకెక్కదండీ, బలవంతపెట్టకండి అని చెప్పింది, సలహా ఇచ్చానన్న తృప్తితో చెప్పింది.

ఆ పిల్ల నంబరుంది, మిడిల్ పాయింట్ బజార్లో చీరల కొట్లో చేస్తోంది కదా, కొత్త రకాలు వచ్చాయి మేడమ్ అని మెసేజీలు పెడుతుంది, ఫోన్ తీసి నంబరు నొక్కింది, నమస్తే మేడమ్ అంది ఆ గొంతు హుషారుగా, ప్రమీల గబగబా, నువ్వు రాసిన మెట్ల లైటు జవాబు ఒప్పేనమ్మా, ఇవాళే చేసి చూశాను అంది, అవతల ఆ పిల్ల చాలా మామూలుగా, ఒప్పని తెలుసు మేడమ్, నాన్నా నేనూ ఇంట్లో బల్బులతో చేసి చూశాకే రాశాను అంది, రెండో బల్బు కూడా పెట్టారా అని ప్రమీల గొణిగింది, పెట్టాం మేడమ్, లేకపోతే రెండు ఎలా వస్తుంది అంది రాజకుమారి, మరి తెలిసీ ఎందుకు మానేశావమ్మా, ఒక్కమాట నాతో చెబితే, అంటూండగానే అంది ఆ పిల్ల, కోపం లేదు గొంతులో, దాచుకున్నదీ లేదు, మీకు తెలీదని అర్థమైంది మేడమ్, ఇంక ఎవర్ని అడగను.

ఫోన్ ఎప్పుడు పెట్టేసిందో తెలీలేదు, దుర్గారావు ఏదో అడుగుతున్నాడు, వాన చప్పుడే గానీ మాట వినిపించడం లేదు, సబ్జెక్టు రాక వెళ్లిపోయింది అనుకుంది ఇన్నాళ్లూ, ఆ మాట స్టాఫ్ రూములో ఎన్నిసార్లు చెప్పింది, ఆ పిల్ల వెళ్లిపోయింది పాఠం చెప్పే తనకే రాదని తెలిసి, ఈ ఊళ్లో ఆ సంగతి తెలిసిన మనిషి తొమ్మిదేళ్లుగా ఆ పిల్ల ఒక్కతే, కొట్టుకి వెళ్లిన ప్రతిసారీ నమస్తే మేడమ్ అంటూ స్టూలు లాగి కూచోబెట్టి, చీర మడత విప్పి చూపిస్తూ, ఒక్కనాడూ ఎవరితోనూ అనలేదు.